తొయ్యాలా, విసరాలా? పొడవాటి ఇంటిదారి మీద మంచు తీసే యంత్రం ఎంపిక

అమెరికా ఉత్తరాది పల్లెల్లో చాలా ఇళ్లు రోడ్డును ఆనుకుని ఉండవు. ఐదారెకరాల స్థలంలో ఎక్కడో లోపల ఇల్లు ఉంటుంది. రోడ్డు నుంచి ఇంటిదాకా సొంత దారి వేసుకుంటారు. దాన్నే డ్రైవ్‌వే అంటారు. రోడ్డు మీద పడ్డ మంచును కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) బండ్లు తీస్తాయి. డ్రైవ్‌వే మీద పడ్డది ఇంటివాళ్లే తీసుకోవాలి. పట్టణంలో ఈ దారి ముప్పై నలభై అడుగులు ఉంటుంది, పారతో పనైపోతుంది. పల్లెలో 500 అడుగులు ఉండటం వింతేమీ కాదు. అక్కడ యంత్రం లేకుండా చలికాలం గడవదు.

ఏ యంత్రం కొనాలి? దుకాణంలో హార్స్‌పవర్ చెబుతారు, వెడల్పు చెబుతారు, ధర చెబుతారు. అవన్నీ తెలుసుకోవలసినవే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. తీసిన మంచు ఎక్కడికి పోతుంది? బాగా చలి ఉన్నచోట డిసెంబరులో పక్కకు తీసింది మార్చిదాకా అక్కడే ఉంటుంది. మరి ఫిబ్రవరిలో తీసినదానికి చోటెక్కడ? ఈ లెక్క ముందే వేసుకుంటే ఎంపిక సగానికి పైగా తేలిపోతుంది.

ఈ విషయం తెలుగువారికి మరీ దూరమైనదేమీ కాదు. జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) చేసిన విదేశీ డాక్టర్లు, అది ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లి రెండేళ్లు ఉండాలి. వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తామంటే ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. 1994లో వచ్చిన కాన్‌రాడ్ పథకం దీనికి ముఖ్యమైన మార్గం. ఇప్పుడు ఒక్కో రాష్ట్రం దీని కింద ఏటా 30 మంది వరకు డాక్టర్లను తీసుకోవచ్చు. అలా వెళ్లినవారిలో మన డాక్టర్లూ ఉన్నారు. గుంటూరులోనో వరంగల్‌లోనో పెరిగి, ఎంబీబీఎస్ చదివి, చివరికి మంచు ప్రాంతంలోని చిన్న ఊరి ఆసుపత్రిలో చేరతారు. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు కారు ఇంటి ముందు నుంచి రోడ్డు దాకా రాగలగాలి. వాళ్లకిది ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న.

రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ మిషిగన్ రాష్ట్రంలోనివే. ఒకటి డెట్రాయిట్ పరిసరాలు. తెలుగువారు చాలామంది ఉన్న ప్రాంతం ఇది. అక్కడ చలికాలం మొత్తంలో పడే మంచు సగటున 45 అంగుళాల చుట్టూ ఉంటుంది. రెండోది రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవెనా ద్వీపకల్పం. మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం ఉన్న హౌటన్ పట్టణం అక్కడిదే. ఆ చుట్టుపక్కల ఏటా 200 అంగుళాలు పడటం మామూలు. 1978–79 చలికాలంలో కీవెనా కౌంటీలో 390.4 అంగుళాలు పడింది. అంటే ముప్పై రెండు అడుగులకు పైగా. ఆ సంఖ్యను రోడ్డు పక్కన ఎత్తయిన బోర్డు కట్టి మరీ చూపిస్తారు.

ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఎందుకు? కెనడా వైపు నుంచి వచ్చే గాలి చాలా చల్లగా, పొడిగా ఉంటుంది. సుపీరియర్ సరస్సు నీరు చలికాలం మొదట్లో ఆ గాలికంటే ఎంతో వెచ్చగా ఉంటుంది. గాలి సరస్సు మీదుగా వస్తూ అడుగున వేడెక్కుతుంది, ఆవిరిని పీల్చుకుంటుంది. అవతలి ఒడ్డున కీవెనా గుట్టలు తగలగానే పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఆవిరిని మంచుగా రాలుస్తుంది. దీన్ని సరస్సు ప్రభావపు మంచు అంటారు. సరస్సు గడ్డకట్టనంత కాలం ఇది ఆగదు. ఒక పెద్ద తుపాను వచ్చి పోవడం కాదు, దాదాపు రోజూ కొన్ని అంగుళాల చొప్పున వారాల తరబడి పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. డ్రైవ్‌వే పొడవు 500 అడుగులు, వెడల్పు 12 అడుగులు అనుకుందాం. ఒక అడుగు మంచు పడింది. మొత్తం 6,000 ఘనపుటడుగులు. మన దగ్గర ఇసుకను యూనిట్లలో కొంటాం, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. అంటే ఒక్క రాత్రిలో దారి మీద 60 యూనిట్లు వచ్చి పడ్డాయన్నమాట. బరువు ఇసుకంత ఉండదు. అప్పుడే పడ్డ మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగుతుంది. ఆ ప్రకారం ఇది 17 టన్నులు. తడి మంచు అయితే దీనికి రెట్టింపు. సరస్సు ప్రభావపు మంచు తేలిక, ఇందులో సగమే ఉండొచ్చు. పారకు ఐదారు కిలోల చొప్పున ఎత్తినా 17 టన్నులకు మూడు వేల సార్లు వంగి లేవాలి.

పార సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రాణాల మీదికి తెచ్చేది అదే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. అదే సమయంలో చేతులతో బరువు ఎత్తడం వల్ల గుండె మీద పని ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికా ఆసుపత్రుల లెక్కల ఆధారంగా వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, 1990 నుంచి 2006 వరకు మంచు ఎత్తుతూ గాయపడి అత్యవసర విభాగాలకు వచ్చినవారు సుమారు 1,95,000 మంది. అదే కాలంలో మరణాలు 1,647. ఆ మరణాలన్నీ గుండెకు సంబంధించినవే. నడివయసు దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు పొడవాటి దారిని పారతో తీయాలని అనుకోకూడదు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఊరికే కూర్చోవడం ఎందుకని పార అందుకుంటారు. వాళ్లను ఆపాలి.

యంత్రాలు ఎన్ని రకాలున్నా చేసే పని రెండు విధాలే. ఒకటి తొయ్యడం, రెండోది విసరడం.

తోసేదాన్ని ప్లౌ అంటారు. బండి ముందు బిగించిన వంపు తిరిగిన ఇనుప పలక అది. మన ట్రాక్టర్లకు పొలం చదును చేసే బ్లేడు ఉంటుందే, అదే జాతి. పికప్ ట్రక్కు ముందు బిగిస్తారు, నాలుగు చక్రాల ఏటీవీ (గడ్డిలో, మట్టిలో తిరిగే చిన్న బండి) ముందూ బిగిస్తారు. దీని గొప్పదనం వేగం. ఏడున్నర అడుగుల పలక ఉన్న ట్రక్కు 500 అడుగుల దారిని రెండు మూడు వరసల్లో, పది పదిహేను నిమిషాల్లో ఊడ్చేస్తుంది. తడి మంచుకూ జంకదు. హీటరు వేసుకుని లోపల కూర్చుని పని చేసుకోవచ్చు.

లోపం ఏమిటంటే, తోసిన మంచు ఎక్కడికీ పోదు. దారి అంచున గట్టుగా నిలుస్తుంది. అది ఎంత పెరుగుతుందో చూద్దాం. కీవెనాలో 200 అంగుళాలంటే దాదాపు 17 అడుగులు. 12 అడుగుల వెడల్పు దారి మీద, ప్రతి అడుగు పొడవుకు 200 ఘనపుటడుగుల మంచు. తోసినప్పుడు, ఆ తర్వాత తన బరువుకే, అది అణిగి నాలుగో వంతు అవుతుందనుకుందాం. 50 ఘనపుటడుగులు మిగులుతుంది. రెండు పక్కలకూ పంచితే చెరో 25. కుప్ప 45 డిగ్రీల వాలులో నిలుస్తుందనుకుంటే ఐదడుగుల ఎత్తు, అడుగున పదడుగుల వెడల్పు ఉన్న గట్టు ఇటొకటి, అటొకటి. మధ్యలో కరగకపోతే ఇదీ పరిస్థితి. రెండున్నర అడుగుల ఎత్తు పలక ఐదడుగుల గట్టు మీదికి మంచు ఎక్కించలేదు. గట్టు వెనక్కి జరగదు, లోపలికి పెరుగుతుంది. 12 అడుగుల దారి ఫిబ్రవరికి తొమ్మిదవుతుంది, తర్వాత ఎనిమిది. మీ కారుకు ఆ దారి చాలుతుంది. అగ్నిమాపక వాహనం, అంబులెన్సు పట్టవు.

ఇదే లెక్క డెట్రాయిట్‌కు వేస్తే గట్టు ఎత్తు రెండున్నర అడుగులు కూడా రాదు. పైగా అక్కడ మధ్యమధ్య ఎండలు కాస్తాయి, కరుగుతుంది. కాబట్టి అక్కడ ప్లౌ చాలు. ఒక ఊళ్లో ఉన్నవాళ్లకు సరిపోయిన యంత్రం మరో ఊరివాళ్లకు పనికిరాకపోవడానికి అసలు కారణం ఇదే. స్నేహితుడు కొన్నాడని కొనకూడదు. అతని ఊళ్లో ఏడాదికి ఎంత మంచు పడుతుందో, మధ్యలో కరుగుతుందో లేదో అడగాలి.

ప్లౌ వాడేవారు పాటించే ఒక పద్ధతి గట్టు సమస్యను కొంత వాయిదా వేస్తుంది. మొదటి మంచు పడినప్పుడే దారికంటే నాలుగైదు అడుగులు ఎక్కువ వెడల్పున తోసేస్తారు. తర్వాత వచ్చేదానికి చోటు ముందే అట్టిపెట్టినట్టు. దీనికి దారి పక్కన చెట్లు, కంచెలు లేకుండా ఖాళీ నేల ఉండాలి.

ప్లౌ ధర ట్రక్కు కాకుండానే సుమారు ఐదు వేల నుంచి తొమ్మిది వేల డాలర్లు. కొనేముందు ట్రక్కు ముందు ఇరుసు మోయగల బరువెంతో చూడాలి. పలక, దాన్ని ఎత్తే సరంజామా కలిసి కొన్ని వందల కిలోలుంటాయి. ముందుకు బరువు పడితే వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. అందుకే వెనక ఇసుక బస్తాలు వేస్తారు. దారి ఎత్తుపల్లాలుగా ఉంటే పైనుంచి కిందికి తోస్తారు. ఎదురెక్కుతూ తొయ్యడానికి చక్రాలకు పట్టు చాలదు.

విసిరేదాన్ని స్నో బ్లోవర్ అంటారు. 1925లో క్విబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ లారీకి అమర్చిన మొదటి బ్లోవర్‌ను తయారుచేశాడు. పైరు నూర్పిడి యంత్రం పనిచేయడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1927లో మాంట్రియల్‌ను ఆనుకుని ఉన్న ఊట్రెమాంట్ పట్టణం దాన్ని కొన్నది. ఇప్పుడు నడుస్తూ తోసుకెళ్లే చిన్నవాటి దగ్గర నుంచి ట్రాక్టరుకు తగిలించే పెద్దవాటి దాకా ఉన్నాయి.

చిన్నవాటిలో రెండు తరగతులు. ఒక దశ యంత్రంలో ముందున్న ఆగర్ (మర చుట్టు ఆకారంలో తిరిగే పలక) ఒక్కటే మంచును లాగి, తానే విసిరేస్తుంది. అది నేలను తాకుతూ తిరుగుతుంది. కాంక్రీటు మీద బాగుంటుంది. కంకర దారి మీద వాడితే రాళ్లను కూడా విసురుతుంది, కాబట్టి పల్లె దారికి పనికిరాదు. రెండు దశల యంత్రంలో ఆగర్ మంచును మధ్యకు చేరుస్తుంది. వెనక ఇంపెల్లర్ (వేగంగా తిరిగే రెక్కల చక్రం) దాన్ని పై గొట్టం గుండా విసురుతుంది. ఆగర్ నేలకు తగలదు. యంత్రం అడుగున రెండు పక్కలా స్కిడ్ షూలు (యంత్రం నేలకు ఎంత ఎత్తున ఉండాలో నిలిపి ఉంచే ఇనుప పట్టీలు) ఉంటాయి. వాటిని సర్ది యంత్రాన్ని అంగుళం పైకి లేపితే కంకర మీద కూడా నడుస్తుంది. పొడి మంచును 30, 40 అడుగుల దూరం విసరగలదు.

గట్టు బాధ ఉండకపోవడానికి కారణం ఆ దూరమే. మంచు అంచున పేరుకోదు, పక్కనున్న స్థలమంతా పలచగా పరుచుకుంటుంది. చలికాలం ఆఖరికి కూడా దారి మొదట ఎంత వెడల్పు ఉందో అంతే ఉంటుంది.

ఇంకో మేలు ఉంది. చుట్టూ పొలాలున్న చోట పడిన మంచుకంటే గాలికి కొట్టుకొచ్చే మంచే ఎక్కువ బాధిస్తుంది. గాలికి అడ్డం ఉన్నచోట వేగం తగ్గుతుంది, వేగం తగ్గినచోట మోసుకొచ్చిన మంచు రాలుతుంది. ప్లౌ కట్టిన గట్టు సరిగ్గా అలాంటి అడ్డమే. దాని నీడలో ఉన్నది మీ దారి. తోసిన కొద్దీ గట్టు పెరుగుతుంది, గట్టు పెరిగిన కొద్దీ దారి మీద మంచు ఎక్కువ పడుతుంది. బ్లోవర్ ఈ చక్రాన్ని తెంచుతుంది.

ఇదే సూత్రాన్ని మనకు అనుకూలంగానూ తిప్పుకోవచ్చు. గాలి వచ్చే వైపు, దారికి దూరంగా, సగం ఖాళీలుండే చెక్క కంచె కడితే మంచు అక్కడే రాలిపోతుంది. కంచె వెనక ఏర్పడే మేట పొడవు కంచె ఎత్తుకు 35 రెట్ల వరకు ఉంటుంది. నాలుగడుగుల కంచె అయితే దారికి 140 అడుగుల దూరాన ఉండాలి. దగ్గరగా కడితే మేట తెచ్చి దారి మీదే పోసినట్టవుతుంది. వయోమింగ్‌లో 80వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద కొత్త మార్గం 1970లో తెరిచారు. మొదటి చలికాలమే అది గాలిమంచుతో కూరుకుపోయింది. తర్వాతి ఏడాది నుంచి రొనాల్డ్ టేబ్లర్ అనే పరిశోధకుడి రూపకల్పనతో కంచెలు కట్టాక ఇబ్బంది చాలా తగ్గింది. స్థలం ఉన్నవాళ్లు యంత్రానికంటే ముందు దీన్ని ఆలోచించాలని నా అభిప్రాయం. కంచెకు డీజిల్ అక్కర్లేదు.

బ్లోవర్‌కూ బలహీనతలున్నాయి. తడి మంచుకు గొట్టం మూసుకుపోతుంది. నెమ్మది కూడా. 28 అంగుళాల యంత్రంతో 12 అడుగుల దారి తీయాలంటే ఆరు వరసలు. 500 అడుగుల చొప్పున 3,000 అడుగులు, దాదాపు కిలోమీటరు, దాని వెనక నడవాలి. అడుగు మంచులో గంట, గంటన్నర పడుతుంది. సున్నాకు పదిహేను డిగ్రీలు తక్కువ చలిలో, డ్యూటీకి బయలుదేరే ముందు గంటన్నర. వారంలో నాలుగు రోజులు. వెయ్యి నుంచి మూడు వేల డాలర్లలో దొరుకుతుంది కనుక చాలామంది ఇక్కడే ఆగుతారు. 200 అడుగుల దారికి ఆగవచ్చు కూడా. 500 అడుగుల దారికి, అందులోనూ కీవెనా లాంటి చోట, ఇది చాలదు.

అక్కడ సరైన జవాబు చిన్న ట్రాక్టరు, దానికి ఐదడుగుల బ్లోవర్. మన రైతులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. రోటవేటరును తిప్పే పీటీఓ (ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు) బ్లోవర్‌నూ తిప్పుతుంది. వెనక తగిలించే బ్లోవర్‌కు నిమిషానికి అవే 540 చుట్లు. మహీంద్రా కంపెనీ 1994 నుంచి అమెరికాలో ట్రాక్టర్లు అమ్ముతోంది, ఇలాంటి చిన్నవీ వాటిలో ఉన్నాయి. బ్లోవర్‌ను వెనక తగిలిస్తే ఖర్చు తక్కువ, కానీ పనంతా వెనక్కి నడుపుతూ, మెడ తిప్పి చూస్తూ చేయాలి. ముందు తగిలించేది ఖరీదు, తీసి పెట్టడం కష్టం, కానీ మెడకు హాయి. రోజూ మంచు పడే చోట ఆ అదనపు ఖర్చు పెట్టాల్సిందే అంటాను. మూడు వరసల్లో, అరగంటలోపు పనైపోతుంది. ట్రాక్టరు, బ్లోవర్ కలిపి ఇరవై వేల డాలర్లు దాటుతుంది. అయితే ఎండాకాలం అదే ట్రాక్టరు గడ్డి కోస్తుంది, కంకర సర్దుతుంది.

ఏ బ్లోవర్ కొన్నా షియర్ బోల్టులు అదనంగా కొని పెట్టుకోవాలి. ఆగర్‌కు రాయో, గడ్డకట్టిన కట్టెముక్కో తగిలితే ముందుగా విరగడానికే ఆ మెత్తని బోల్టును పెడతారు. అది విరిగితే గేర్‌బాక్సు బతుకుతుంది. తొందరలో దాని స్థానంలో మామూలు గట్టి బోల్టు వేస్తే తర్వాతి దెబ్బకు గేర్‌బాక్సే పోతుంది.

గొట్టం మూసుకుపోయినప్పుడు చెయ్యి పెట్టకూడదు. ఇంజను ఆపినా పెట్టకూడదు. ఇరుక్కున్న రెక్కల మీద బెల్టు బిగువు మిగిలి ఉంటుంది. గడ్డ కదిలిన క్షణంలో చక్రం గిర్రున తిరుగుతుంది. వేళ్లు పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. దానికోసం యంత్రంతోపాటు ప్లాస్టిక్ కర్ర ఇస్తారు, దాన్నే వాడాలి. ఇంజనును గ్యారేజీ లోపల వేడెక్కించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గ్యారేజీకి ఇంటికి మధ్య తలుపు ఉంటుంది.

కంకర దారి ఉన్నవాళ్లకు అందరికీ పనికొచ్చే మాట ఒకటి. మొదటి రెండు మూడు సార్లు పడ్డ మంచును పూర్తిగా తీయకండి. రెండంగుళాలు వదిలి, కారు తొక్కి గట్టిపడనివ్వండి. నేల గడ్డకట్టాక ఆ పొర కంకరను పట్టి ఉంచుతుంది. ఆ పని చేయకుండా నేల మెత్తగా ఉండగానే గీకితే వసంతంలో కంకరంతా గడ్డిలో ఏరుకోవాలి. మంచు మొదలవకముందే దారి రెండు అంచులా మెరుపు పట్టీలున్న కర్రలు పాతాలి. తెల్లగా కప్పేశాక అంచు ఎక్కడో ఎవరికీ తెలియదు.

దారి మొదట్లో, రోడ్డు కలిసేచోట, కౌంటీ బండి తోసిపోయిన గట్టు ఉంటుంది. రోడ్డు మీది ఉప్పు, గడ్డలు కలిసి గట్టిగా, బరువుగా ఉంటుంది. తేలిక యంత్రాలు ఆగిపోయేది ఇక్కడే. యంత్రం బలాన్ని 490 అడుగుల మెత్తటి మంచును బట్టి కాదు, ఈ చివరి పదడుగులను బట్టి ఎంచుకోవాలి. దాన్ని రోడ్డు అవతలికి తోసేద్దామని అనిపిస్తుంది. మిషిగన్‌తో సహా చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం. రోడ్డు మీద మిగిలిన గడ్డలు వేరేవాళ్ల బండ్లను జారుస్తాయి. మంచును మీ స్థలంలోనే వేసి, బండి వచ్చే దిక్కున కొంచెం చోటు ఖాళీ చేసి పెడితే, తర్వాతిసారి అది తెచ్చే మంచులో కొంత ఆ ఖాళీలోనే దిగుతుంది.

ఇక యంత్రం కొనకుండా మనిషిని పెట్టుకోవడం. మూడేళ్ల ఒప్పందం మీద వెళ్లిన డాక్టరుకు ఇదే నయం కావచ్చు. కూలి రెండు పద్ధతుల్లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఇంత అని, లేదా సీజను మొత్తానికి ఇంత అని. మంచు ఎక్కువ పడే ప్రాంతంలో సీజను ఒప్పందం క్షేమం. ఎన్ని అంగుళాలు పడితే వస్తారు, ఏ వేళకు పూర్తిచేస్తారు, గట్లు పెరిగాక వాటిని వెనక్కి జరిపే పని కూడా ఆ డబ్బులోనే ఉందా, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. మూడోది అడగనివాళ్లు ఫిబ్రవరిలో మళ్లీ డబ్బు కడతారు. ఒప్పందం సెప్టెంబరులోపు చేసుకోవాలి, మొదటి మంచు పడ్డాక పనివాళ్లు దొరకరు. సొంత యంత్రం ఉన్నవాళ్లు కూడా అలాంటి మనిషి ఒకరి ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. ఇంజను మొరాయించిన రాత్రి కూడా ఆసుపత్రి నుంచి ఫోన్ రావచ్చు.